మహామంత్రి తిమ్మరుసు - చారిత్రక చిత్రమునందలి యౌచిత్య విచారము

చలనచిత్రమున చరిత్రకథ దొరకినపుడు పండితులు చేయు విమర్శ తఱచుగా తప్పులపట్టికయై ముగియును. ఈ కిరీట మా కాలముది కాదు, ఈ స్తంభ మా మండపముది కాదు, ఈ మాట యానాటి నుడి కాదు అని యెంచి చూపి విమర్శకుడు కలము దించును. ప్రతివాదియు నంతే సులభముగా, ఇది కళ గాని శాసనపరిష్కరణము గాదని చెప్పి లేచిపోవును. ఇరువురును శ్రమ తప్పించుకొనినవారే. ఏ మార్పు చేయబడినది, అది ఎవరి దోషమును ఎవరిమీదికి నెట్టినది, దానివలన రసము పోషింపబడినదా, చెడినదా అను ప్రశ్న నడుమనే నిలిచిపోవును. గౌతమీ పిక్చర్సువారు నిర్మింపగా కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున 1962వ సంవత్సరమున వెలువడిన ‘మహామంత్రి తిమ్మరుసు’ చిత్రమును గూర్చి ఈ ప్రశ్ననే వేయవలసియున్నది. ఆ సంవత్సరపు తెలుగు చిత్రములలో ఉత్తమమైనదిగా రాష్ట్రపతి రజతపతకము నందిన చిత్రమది. పతకము వచ్చినంతమాత్రమున విచారణ అనావశ్యకము గాదు. పైగా అట్టి గౌరవము పొందిన కృతినే నిశితముగా చూడవలెను.

ఈ చర్చకు ఆదవాని, ఎమ్మిగనూరు సీమలకంటె తగినచోటు దొరకుట కష్టము. విజయనగరమునకు ఉత్తరపు సరిహద్దున తుంగభద్రకు దక్షిణముగా నున్న ఈ నేలకు, నదికి ఆవలి రాయచూరు అంతర్వేది ఎదురిల్లు వంటిది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు బిజాపురపు సుల్తానును గెలిచినది ఆ రాయచూరు కడనే. 1565 నాటి మహాయుద్ధమునకు పిమ్మట మూడేండ్లకే ఆదవాని దుర్గము బిజాపురపు వశమయ్యెను. అటుపిమ్మట సిద్ది మసూదుఖాను ఏలుబడియు, బసాలత్ జంగు జాగీరును, 1786లో టిప్పుసుల్తాను ముట్టడియు, 1800లో కుంఫిణీకి దత్తమగుటయు జరిగినవి. ఇన్ని పొరలు గల కొండకోటను నిత్యము చూచుచు బ్రదుకు ప్రేక్షకునికి విజయనగరకథ యనగా అట్టముక్కలపై వేసిన రంగు గాదు.

మఱియొక సంగతి గలదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు బళ్ళారి జిల్లానుండి ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చినవి. బళ్ళారియు, హంపి నెలవైన హొసపేటయు మైసూరు రాజ్యమున జేరినవి. నాడు ఎమ్మిగనూరు ఆదవాని తాలూకాలోనిది. అనగా ఈ చిత్రము తెరపై వెలుగునాటికి తొమ్మిదేండ్లకు ముందే ఈ సీమవారి జిల్లాముఖ్యపట్టణము పరరాష్ట్రమైనది, రాయల రాజధానియు గీతకు ఆవలిదైనది. అట్టివారు తెలుగుమాట లాడు రాయలను, తెలుగుమంత్రిని తెరపై చూచుటలో కేవలము వినోదము మాత్రమే లేదు. 1970లో బి. ఆర్. పంతులు కన్నడమున ‘శ్రీ కృష్ణదేవరాయ’ చిత్రమును తీసి, రాజ్‌కుమారును రాయలుగా నిలిపినపుడు గీతకు ఆవలివారికిని అట్టి భావమే కలిగియుండుట సహజము. ఎవరి రాయలను వారు ప్రేమించుకొందురు. ఆ ప్రేమయే విమర్శకు మొదటి విఘ్నము.

ఇక మూలకథ. తిమ్మరుసు కన్నులు తీయించిన వృత్తాంతము తెలుగు గ్రంథములనుండి వచ్చినది గాదు. అచ్యుతరాయల కాలమున, సుమారు 1535 మొదలు 1537 వఱకు విజయనగరమున నుండిన ఫెర్నావ్ న్యూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱములవర్తకుడు వ్రాసిన వృత్తాంతము దీని కాధారము. 1897లో డేవిడ్ లోపెష్ మూలమును ముద్రింపగా, 1900లో రాబర్టు స్యూయలు తన గ్రంథమున ఆంగ్లానువాదము ప్రకటించెను. అంతకు మునుపు తెలుగువాడెఱిగిన అప్పాజీ వేఱు. బుద్ధిబలమున రాజును గట్టెక్కించి, అవసరమైనచో మందలించి, కథలలో చిరంజీవియై వెలసిన అప్పాజీ. జయంతి రామయ్యపంతులుగారు పరిష్కరించి ప్రకటించిన రాయవాచకమునందును ఆ మంత్రి వైభవమే గాని అంధత్వము లేదు. న్యూనిజ్ చెప్పినది ఒక్క సాక్షి మాట. అదియు రాయలు 1529లో గతించిన కొన్నేండ్లకు విన్నది. ఈ సందేహము చరిత్రకారులకు ముఖ్యము. కాని చిత్రకర్తలు ఆ కథను గ్రహించిరి గావున, గ్రహించినదానిని ఏమి చేసిరో చూచుటయే విమర్శకుని పని.

న్యూనిజ్ కథనమున కన్నులు రెండుమాఱులు వచ్చును. మొదటిది రాయల పట్టాభిషేకమునకు ముందు. మరణశయ్యపై నున్న వీరనరసింహుడు తన చిన్నకొడుకునకు రాజ్యము దక్కవలెనని తలచి, తమ్ముడైన కృష్ణరాయల కన్నులు తీయించుమని తిమ్మరుసును ఆజ్ఞాపించెను. మంత్రి రాజకుమారుని దాచి, మేకకన్నులు తీయించి రాజునకు చూపెను. రెండవది రాయల రాజ్యాంతమున. రాయలు తన యాఱేండ్ల కుమారుడు తిరుమలరాయనికి తన జీవితకాలముననే పట్టము గట్టెను. 1524 నాటి శాసనములు ఆ బాలుని రాజుగా పేర్కొనుచున్నవి. ఉత్సవములు ముగిసిన కొలదికాలమునకే బాలుడు రోగగ్రస్తుడై మరణించెను. తిమ్మరుసు కొడుకు విషము పెట్టించెనని రాయలు నమ్మెను. నిండుకొలువున మంత్రిని నిందించి, అతనిని బంధువులతో గూడ చెఱబట్టించెను. అందుకు ఆ సమయమున నగరముననున్న పోర్చుగీసువారు సాయపడిరట. పిదప కొడుకొకడు చెఱ తప్పించుకొని కొండలకు పాఱి తిరుగుబాటు చేయగా, సేన నంపి పట్టి తెప్పించి, అప్పుడు కన్నులు తీయించిరి. బ్రాహ్మణుని చంపగూడదు గావున ఈ శిక్ష యని న్యూనిజ్ చెప్పుచున్నాడు.

ఈ కథనమున చదువరిని కలతపెట్టు నంశ మొకటి కలదు. ఆగ్రహ మొకనాటిది, అంధత్వము మఱియొకనాటిది. నడుమ చెఱసాల యున్నది, కాలమున్నది, ఆలోచనకు చోటున్నది. తన కన్నులు కాపాడినవాని కన్నులను రాజు పుత్రశోకావేశమున గాక, రాజ్యతంత్రము విధించిన పద్ధతిలో, నిదానముగా తీయించినాడు. బాలుడు విషమువలన చచ్చెనో, జ్వరమువలన చచ్చెనో ఎవరును తేల్చలేదు. కథ ముగిసినను నిజము తేలదు.

చిత్రమున నిజము తేలును. అచట విషప్రయోగము కళింగ గజపతి పక్షమువారి కుట్ర. నింద తిమ్మరుసుపై బడునట్లు వారే పన్నిరి. మోసపోయిన రాయలు శిక్ష విధించును. శిక్ష నెఱవేఱినపిదప సత్యము వెల్లడియై రాయలు కుమిలిపోవును. ఇట్లు రాయల దోషము సగమునకు పైగా శత్రువుమీదికి మాఱినది. ఇది చరిత్ర కాదని గర్జించువారు మన యాలంకారికులను ఒకమాఱు స్మరింపవలెను. ఇతివృత్తవశమున వచ్చిన కథాంశము రసమునకు ప్రతికూలమైనచో దానిని విడిచి, అనుగుణమైనదానిని కల్పింపవచ్చునని ధ్వన్యాలోకము తృతీయోద్ద్యోతమున ఆనందవర్ధనుడు చెప్పియున్నాడు; జరిగినది చెప్పుటకు ఇతిహాసమున్నది గదా యని ఆయన భావము. నాయకునికి గాని రసమునకు గాని యనుచితమైనదానిని విడువవలెను, లేదా మార్పవలెనని దశరూపకకారుని మతము. భవభూతి మహావీరచరితమున చేసిన దేమి? కైకేయి కోరికల వెనుక మంథర వేషమున శూర్పణఖను నిలిపెను. వాలిని రావణమిత్రునిగా జేసి రామునిమీదికి పంపెను. ఈ రెంటి వెనుకను మాల్యవంతుని మంత్రాంగమును పెట్టెను. ఇంటిలోని పాపమంతయు లంకకు చేరెను. పింగళి నాగేంద్రరావు రచించిన చిత్రకథలో గజపతి పక్షము మాల్యవంతుని స్థానము నాక్రమించినది. దారి పాతదే.

ఈ దారి మనదేశమునకు మాత్రమే పరిమితము గాదు. 1964లో ఆంటొనీ మాన్ దర్శకత్వమున హాలీవుడ్డు తారలతో వెలువడిన ‘ది ఫాల్ ఆఫ్ ది రోమన్ ఎంపైర్’ చిత్రమును పరిశీలింపుడు. మార్కస్ ఆరేలియస్ చక్రవర్తి 177లోనే తన కొడుకు కొమోడసును సహచక్రవర్తిగా జేసికొని, 180లో గతించెను. వైద్యులు కొమోడసు మెప్పునకై చంపిరని కాసియస్ డియో వ్రాసినను, రోగమువలన మరణించెననుట సాధారణాభిప్రాయము. అయోగ్యుడైన కొడుకునకు రాజ్యము కట్టబెట్టినది ఆ తత్త్వవేత్తయే. రోమకచరిత్ర చదువువారిని వేధించు ప్రశ్న అదియే. చిత్రమునందో, తండ్రి కొడుకును తొలగించి లివియస్ అను కల్పితవీరుని వారసునిగా చేయదలచినట్లును, అది పొసగకుండ కుట్రదారులు విషపుకత్తితో కోసిన పండునిచ్చి చంపినట్లును మార్చిరి. తండ్రి తప్పు తుడిచివేయబడెను. మాడ్రిడ్ నగరసమీపమున రోమకవేదికను నిజప్రమాణమున కట్టించిరి. నాగరికతల చరిత్ర వ్రాసిన విల్ డ్యూరాంటును సలహాదారునిగ పెట్టుకొనిరి. అయినను చిత్రము ధననష్టము పాలై నిర్మాత శామ్యూల్ బ్రాన్‌స్టన్ దివాలా తీసెను. విమర్శకులు కట్టడములను మెచ్చుకొని, కథాపాత్రలయందు ప్రాణము చాలదనిరి. రాతిపట్ల అంత సత్యసంధత పాటించినవారు తండ్రి తప్పునెదుట వెనుదీసిరి. 2000లో వచ్చిన ‘గ్లాడియేటర్’ చిత్రమును ఆ కల్పననే మఱియొక విధమున వాడుకొని, కొడుకే తండ్రిని ఊపిరాడకుండ చంపినట్లు చూపెను. ఈ రెండు చిత్రములును కల్పించినవాని నామమే ఖడ్గముపై చెక్కుకొనవు. చరిత్రయనియే ప్రేక్షకునకు తోచును.

తెలుగుచిత్రమునకు అంత ధనము లేదు, అంత శిలయు లేదు. దానికున్నది మాట, నటన. తిమ్మరుసు పాత్రను ధరించిన గుమ్మడి వెంకటేశ్వరరావు 1927లో పుట్టినవాడు. రాయల పాత్ర ధరించిన నందమూరి తారకరామారావు 1923లో పుట్టినవాడు. రాజును కొడుకువలె చూచు వృద్ధమంత్రి రాజుకంటె నాలుగేండ్లు చిన్నవాడన్నమాట! తెరపై ఆ సంగతి ఎవరికిని తోపదు. గుమ్మడి నటన పేరుకెక్కినది అరచి గాదు, గొంతు దించి. రాజనీతి తెలిసినవాడు తనపై పడిన నిందకు జవాబు చెప్పునపుడు ఎంత తక్కువ చెప్పునో అంత తక్కువ చెప్పుట యాయన పద్ధతి. పెండ్యాల నాగేశ్వరరావు సంగీతము రాచకొలువునకు తగిన గాంభీర్యము గలది. దర్శకుడు కామేశ్వరరావు చిత్రరంగమునకు రాకమునుపు కృష్ణాపత్రికలో చిత్రవిమర్శలు వ్రాసినవాడు; మఱుసటియేడు ‘నర్తనశాల’ తీసినవాడు. పౌరాణికమునందు ఆయనకు గల నేర్పు జగద్విదితము. ఆ నేర్పే ఇచట కొంత అడ్డమైనదేమో! పౌరాణికమున ధర్మాధర్మములు వేఱు వేఱు శిబిరములలో నుండును. చరిత్రమున అవి ఒకే మనుష్యుని యెడదలో నుండును. రాయల యెడద నుండి అధర్మమును తీసి గజపతి శిబిరమున పెట్టినపుడు చిత్రము చరిత్రకథనుండి పౌరాణికమునకు జాఱినది.

భవభూతి చేసిన మార్పునకును దీనికిని భేదమేమని యడుగవచ్చును. భవభూతి ధీరోదాత్తుడగు రాముని, ఆతని యింటివారిని కాపాడెను. వీరరసము ప్రధానముగా గల నాటకమున ఆ కళంకము నిలువనేరదు. తిమ్మరుసు కథలో ప్రధానరసము కరుణము. నాయకుడు పేరునుబట్టియే మంత్రి గాని రాజు గాడు. ఆ మార్పు కాపాడినది నాయకుని గాదు, నాయకుని శిక్షించినవానిని. చివర రాజు సత్యమెఱిగి విలపించునపుడు ప్రేక్షకుని కన్నీరు ఇరువురికిని పంచబడుచున్నది. మంత్రికి రావలసిన భాగము రాజునకు పోవుచున్నది. కాళిదాసు దుర్వాసశాపము కల్పించి దుష్యంతుని కాపాడెను గదా యని మఱల నడుగవచ్చును. నిజమే. కాని అచట మఱపు తొలగినపిదప రెండంకములు మిగిలియున్నవి. రాజు పశ్చాత్తాపమున పండి, పునస్సమాగమమునకు అర్హుడగును. ఇచట సత్యము తెలిసిన క్షణమే కథ ముగియు క్షణము. శోకము రాజును మార్చుటకు సమయము లేదు. ఆలస్యమైన సత్యము ప్రేక్షకుని గుండె నొక్కును గాని లోతునకు దిగదు. న్యూనిజ్ కథలో చెఱసాల యందు గడచిన కాలమును చిత్రము ఏల విడిచెనను ప్రశ్నకు, మూడుగంటల వినోదమున నిరీక్షణకు చోటు లేదనుట తప్ప వేఱు సమాధానము లేదు. ఆ నిరీక్షణమందే కరుణ మున్నది.

ఈ సీమకు చరిత్రరూపకము క్రొత్తది గాదు. ఆదవాని బళ్ళారి జిల్లాలో నున్న కాలముననే బళ్ళారి న్యాయవాది కోలాచలం శ్రీనివాసరావు (1854-1919) విజయనగరపతనమును ‘రామరాజు చరిత్ర’మను నాటకముగా వ్రాసెను, అందు పఠాను పాత్రలో బళ్ళారి రాఘవ ప్రఖ్యాతి గడించెను. శత్రుపక్షమునందలి పాత్రకే నాటకమంతటిలో పేరు వచ్చుట గమనింపదగిన విషయము. ఆ పఠానునకు తన దుఃఖము, తన న్యాయము కలవు. కీడు చేయుటకై పుట్టిన గజపతిదూతలకు అట్టి న్యాయము లేదు. ఆదవాని కోటయు ఈ విషయమున సాక్ష్యము చెప్పగలదు: రామరాయల తమ్ములే తిరుగబడి ఆదవానిని ఆక్రమింపగా, ఆయన గోలకొండ ఇబ్రహీం కుతుబుషా సాయము కోరి ముట్టడి వేసెనని గోలకొండ చరిత్రకారుల కథనము. ఇంటి కలహమునకు బయటి శత్రువు కారణము గాలేదు. బయటివాడు ఇంటి కలహమును తీర్చుటకు పిలువబడెను.

పాఠశాలలయందు పనిచేయు పండితులకు ఈ విచారము వట్టి సిద్ధాంతము గాదు. ఎమ్మిగనూరు పాఠశాలలో నొక బాలుడు, గజపతి మనుష్యులు రాజకుమారునకు విషము పెట్టిరని పరీక్షలో వ్రాసెననుకొందము. వాడు చదివి వ్రాయలేదు, చూచి వ్రాసినాడు. తప్పు కొట్టివేసి ‘సినిమాకథ’ యని ప్రక్కన వ్రాయుట సులభము. అయితే సరియైన జవాబేమని వాడడిగినచో ఉపాధ్యాయుడు చెప్పగలది, రాయలట్లు నమ్మెనని ఒక విదేశీయుడు వ్రాసెను అని మాత్రమే. అది జవాబువలె నుండదు. చిత్రమిచ్చిన జవాబు నిండుగా నున్నది. చరిత్ర ఇచ్చునది వెలితిగా నున్నది. ఆ వెలితిని బాలునికి ఇష్టమగునట్లు చేయుట కష్టమైన పని. దానికి మార్గము చిత్రమును నిందించుట గాదు. చిత్రమును, న్యూనిజ్ కథను ప్రక్కప్రక్కన చెప్పి, ఏది ఎందుకు మార్చబడినదో వానినే యడుగుట. అట్టి పాఠమునకు మహామంత్రి తిమ్మరుసు వంటి మంచి చిత్రమే పనికివచ్చును. చెడ్డ చిత్రమున మార్పులకు హేతువులే యుండవు.

ఆ పాఠమునకు మూడవ పుస్తక మొకటి చేర్పవలెను. రాయలు స్వయముగా రచించిన ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున రాజనీతి విస్తారముగా నున్నది. మరణదండనకు గుఱియైనవానికి ముమ్మాఱు మొఱపెట్టుకొన నవకాశ మీయవలెనని అందు గలదు. ఆ వాక్యము నుదాహరించి, ఇంతటి దయాళువు తిమ్మరుసు నట్లు శిక్షించునా యని వాదింపవచ్చును. కాని అచటనే ఒక మినహాయింపు గూడ కలదు: తప్పించుకొనిపోయినచో రాజునకే ముప్పు తెచ్చు వారివిషయమున ఆలసింపరాదని. న్యూనిజ్ కథలో కన్నులు తీయించినది నేరము మోపిననాడు గాదు. కొడుకు చెఱనుండి పాఱిపోయి పట్టుబడిన పిదప.